నెల, నేల, ఒక సి.బి. రేడియో

క్రిందటి నెలలో బరంపురం నుండి ఒక తల్లి నన్ను ఇలా అడిగారు: "మా అబ్బాయి ఇంట్లో తెలుగు చక్కగానే మాట్లాడతాడండీ. వ్రాయమంటే మాత్రం దీర్ఘాలు వేయడు. ఎన్నిసార్లు దిద్దినా అంతే. ఏం చేయమంటారు?" గంజాం జిల్లాలో తెలుగు చెప్పే ఉపాధ్యాయ మిత్రులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. నాకూ కొత్తది కాదు. అయితే దీనికి నాకు తెలిసిన సమాధానం వ్యాకరణ పుస్తకంలో దొరికినది కాదు. ఒక పాత రేడియో పెట్టెను విప్పి, దానిని చక్కగా పాడుచేసి, ఆ తరువాత దొరికినది. కనుక కొంచెం ఓపిక పట్టి ఆ రేడియో సంగతి వినవలసిందిగా మనవి.

ఇది 2007 నాటి మాట. అప్పటికి ఛత్రపురంలో నేను తెలుగు చెప్పడం మొదలుపెట్టి పదకొండేళ్ళు. ఎనిమిదవ తరగతిలో సముద్రపు ఒడ్డు పల్లె నుండి వచ్చే ఒక కుర్రవాడు ఉండేవాడు. ఆర్జిపల్లి వైపు వాళ్ళు. తండ్రి వేటకు వెళ్ళేవాడు. ఈ తీరంలోని మత్స్యకారుల ఇళ్ళలో తెలుగు తరతరాలుగా ఉన్నదే. 1936 ఏప్రిల్ 1న ఒడిషా రాష్ట్రం ఏర్పడి, మద్రాసు రాజధానిలో ఉన్న గంజాం ఇటు చేరినప్పుడు మారినది కచేరీ భాష. పడవ మీది భాష కాదు. ఆ కుర్రవాడు నోరు విప్పితే శ్రీకాకుళం తీరంలో విన్నట్టే ఉండేది.

కానీ ఉక్తలేఖనంలో వాడికి ఇరవైకి నాలుగు, ఇరవైకి మూడు. ఒకరోజు నేను "కోన దిగువ నేల తడిసింది" అని చెప్పగా, వాడు "కొన దిగువ నెల తడిసింది" అని వ్రాశాడు. నేను ఆ వాక్యాన్ని తరగతిలో బిగ్గరగా చదివాను. నెల ఎలా తడుస్తుందిరా అని అడిగాను. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు, ఏడవలేదు, నా నోటి వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపును నేను అప్పట్లో మొండితనం అనుకున్నాను.

వార్షిక పరీక్షల ముందు వాడి తండ్రిని పిలిపించి, వీడిని వచ్చే ఏడు ఒడియా విభాగంలో చేర్చండి, తెలుగులో పదవ తరగతి గట్టెక్కడు అని చెప్పాను. దరఖాస్తు కూడా నేనే వ్రాసి పెట్టాను. ఆయన వేలిముద్ర వేయబోతూ ఆగి, "మాస్టారూ, ఇంట్లో మేం మాటాడీది తెలుగు కాదేటండి?" అన్నాడు. వ్రాయడం వేరు, మాట్లాడడం వేరు అని ఏదో చెప్పాను. ఆయన వేలిముద్ర వేసి వెళ్ళిపోయాడు. బడి తెరిచేవరకు ఆ కాగితం నా సొరుగులో ఉంది.

ఆ వేసవిలోనే అమెరికా నుండి మా బావమరిది వచ్చాడు. అక్కడ పాత సామాను అమ్మే చోట కొన్న రెండు సి.బి. రేడియోలు తెచ్చాడు. సి.బి. అంటే సిటిజన్స్ బ్యాండ్. లారీలలో, కార్లలో పెట్టుకుని సామాన్య జనం మాట్లాడుకునే వైర్‌లెస్ అన్నమాట. అమెరికాలో 1958లో 27 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో దీనిని జనానికి వదిలారు. మొదట 23 చానళ్ళు, 1977 జనవరి 1 నుండి 40. మన దేశంలో వైర్‌లెస్ అంటే పోలీసులు, ఓడలవారు, అనుమతి పరీక్ష వ్రాసిన అమెచ్యూర్ రేడియో వారు, అంతే. ఒకప్పుడు ఇంట్లో పాటలు వినే రేడియోకు కూడా తపాలా కార్యాలయంలో ఏటేటా లైసెన్సు రుసుము కట్టిన దేశం మనది. 2005 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 26.957 నుండి 27.283 మెగాహెర్ట్జ్ వరకు, 5 వాట్లకు మించని శక్తితో, లైసెన్సు అవసరం లేదని నియమాలు ప్రకటించింది. అమెరికా వారి 40 చానళ్ళలో మొదటి 27 మాత్రమే ఈ హద్దులో పడతాయి. ఇరవై ఎనిమిదవది 27.285, రెండు కిలోహెర్ట్జ్ తేడాలో హద్దు దాటిపోతుంది. లోకంలో అందరూ సి.బి. పెట్టెను విప్పేది చానళ్ళు పెంచుకోవడానికి. నేను మొదట చేసిన పని మా ఆవిడ గోళ్ళ రంగుతో 27 దగ్గర ఎర్రటి గీత గీసి, ఇది దాటరాదు అని పిల్లలకు చెప్పడం.

ఈ రేడియోలతో చదువుకు ఏమి సంబంధం అంటారా? నిజం చెప్పాలంటే, మొదట ఏ సంబంధమూ లేదు. నాకు ఆడుకోవాలని ఉంది. నలభై ఏళ్ళు దాటిన బడిపంతులు ఆడుకుంటానంటే ఇంట్లో ఒప్పుకోరు కనుక ఒక విద్యా ప్రయోజనం కల్పించాను. ఒక పెట్టె మా ఇంట్లో, రెండవది సముద్రపు ఒడ్డున ఆ కుర్రవాడి ఇంట్లో. సెలవుల్లో రోజూ సాయంత్రం రేడియోలో ఉక్తలేఖనం చెబుతాను, వాడు వ్రాస్తాడు. వెళ్ళేలోపు నాలుగు అక్షరాలు వస్తాయి. ఒకవైపు వాడిని తెలుగు నుండి పంపివేసే కాగితం సొరుగులో పెట్టుకుని, మరొకవైపు వాడితోనే తెలుగు ఆట. ఇందులోని వైపరీత్యం అప్పుడు నాకు తట్టలేదు.

పెట్టెకు 12 వోల్టుల బ్యాటరీ కావాలి. మా ఇంట్లో కరెంటు పోయినప్పటికి ఉంచిన బ్యాటరీ ఉంది. వాళ్ళకు పడవ దీపానిది ఉంది. ఏరియల్ కోసం రెండు తీగలు చెరొక పక్కకు సాగదీసి, మధ్యలో టీవీ కేబులు తగిలించాను. ఎంత పొడవు ఉండాలో నాకు తెలియదు. మేడ మీద బట్టలారవేసే గుంజల మధ్య ఎంత చోటుంటే అంత, చెరి పన్నెండు అడుగులు కట్టాను. వాళ్ళ వైపు సరుగుడు చెట్టుకు, పాక గుంజకు మధ్య ఆ కుర్రవాడే కట్టాడు. వాడు వేసిన ముళ్ళు చూసి నేను సిగ్గుపడ్డాను. నా ముళ్ళు మూడుసార్లు ఊడాయి, వాడివి ఆ వేసవి అంతా కదలలేదు.

పద్నాలుగవ చానలులో మొదటిసారి మాట్లాడిన సాయంత్రం వాడి గొంతు మొగలిపొదల అవతలి నుండి కాక, ఏదో లోతైన నూతిలో నుండి వస్తున్నట్టు వినిపించింది. నా గొంతూ వాడికి అలాగే వినిపించిందట. మాట అందుతోంది, కానీ చాలా సన్నగా. నేను మా బావమరిదిని అడిగాను. ఆయన ఒక కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాడు. అమెరికాలో లారీ డ్రైవర్లందరూ మొట్టమొదట చేయించుకునే మరమ్మతు అదేనట: పెట్టెలో గొంతును అణచిపెట్టే లిమిటర్ అనే భాగం ఉంటుంది, అందులోని ఒక ట్రాన్సిస్టరు కాలు కత్తిరిస్తే చాలు, గొంతు సింహంలా గర్జిస్తుంది.

గర్జించే గొంతు అంటే బడిపంతులుకు ఆశ ఉండదా? యాభైమంది పిల్లల గదిలో పదకొండేళ్ళు అరిచినవాణ్ణి.

అంతకుముందు నేను ఏనాడూ రేడియో విప్పలేదు. నాలుగు మరలు తీసి మూత ఎత్తగానే ఒక చిన్న పట్టణం కనిపించింది. వెండిరంగు డబ్బాలు, వాటి తలల్లో నల్లటి మరల వంటివి, రంగు గీతల రెసిస్టర్లు, మధ్యలో మెరిసే స్ఫటికం. ఆ స్ఫటికం పేరు మీద 10.240 అని ఉంది. దాని సంగతి తరువాత తెలిసి ఆశ్చర్యపోయాను. నలభై చానళ్ళకూ కొలబద్ద అదే. లోపలికి వచ్చిన తరంగాన్ని ముందు 10.695 మెగాహెర్ట్జ్‌కు దించి, అందులో నుండి ఈ 10.240ని తీసివేస్తే మిగిలేది సరిగ్గా 455 కిలోహెర్ట్జ్; మన ఇళ్ళలోని మామూలు ట్రాన్సిస్టరు రేడియోలు వాడేది కూడా దాదాపు అదే. ఒక్క స్ఫటికం చేత రెండు చాకిరీలు చేయించుకున్న ఆ పొదుపరి ఎవరో గాని, ఆయనకు దండం పెట్టాలి.

ఆ చూపించిన ట్రాన్సిస్టరు కాలు కత్తిరించాను. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కత్తిరించిన కాలు పక్కదానికి తగులుతుందేమోనని, దానిని పూర్తిగా ఊడదీద్దామని బుద్ధి పుట్టింది. మా ఇంట్లో ఉన్న సోల్డరింగు కడ్డీ 60 వాట్లది, లోటాలకు మాటు వేయడానికి కొన్నది. ఇటువంటి పనికి 25 వాట్లది చాలు. నేను ఆ పెద్దదానిని ఆనించి పట్టుకునేసరికి, అట్ట మీది రాగి బాట వెంట్రుకలా లేచి వంకరపోయింది. కాలిన లక్క వాసన వేసింది. పెట్టె మూసి, మా ఆవిడతో అంతా సవ్యంగా జరిగిందని చెప్పాను.

ఆ సాయంత్రం మీట నొక్కి మాట్లాడాను. దీపం వెలిగింది. ముల్లు కదిలింది. గట్టిగా, ఇంకా గట్టిగా, రెండు పేరాలు చెప్పాను. మరునాడు కుర్రవాడు పుస్తకం తెచ్చి చూపించాడు. మొదటి పంక్తిలో "గర్ గర్ ది గర్" అని ఉంది. రెండవ పంక్తిలోనూ అంతే. వేళాకోళమా అని కోప్పడ్డాను. "అలాగే వినబడిందండి" అన్నాడు. నేను పట్టించుకోలేదు గాని, ఈ కథంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

వేళాకోళం కాదని ఆ రాత్రే రుజువైంది. పక్కింటి ఆవిడ తలుపు తట్టి, "మాస్టారూ, మా టేపు రికార్డరులో భజన పెట్టుకుంటే మధ్యలో మీ గొంతు వస్తోందండీ. 'కామా', 'చుక్క' అంటున్నారు. ఏమిటిది?" అని అడిగింది. ఈ రకం తరంగంలో గొంతు అలల ఎత్తుపల్లాల రూపంలో ఉంటుంది కనుక, దగ్గరలోని టేపు రికార్డరు తీగలు కూడా దానిని పట్టి పలికించగలవు.

బరంపురంలో అమెచ్యూర్ రేడియో లైసెన్సు ఉన్న ఒక పెద్దాయన ఉన్నారని తెలిసి వెళ్ళాను. రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. 1999 అక్టోబరు 29 పెను తుఫాను తరువాత టెలిఫోన్ స్తంభాలన్నీ నేలకూలిన రోజుల్లో, హైదరాబాదు మొదలైన చోట్ల నుండి వచ్చిన అమెచ్యూర్లు ఒడిషాలో వార్తలు చేరవేసినప్పటి సంగతులు ఆయన నోట వినవలసిందే. నా కథ అంతా విని, ముందు చట్టం సంగతి అడిగారు. 27 దగ్గర ఎర్ర గీత సంగతి చెప్పాను. అప్పుడు గాని కుర్చీ చూపించలేదు.

ఆయన ఛత్రపురం వచ్చి, సముద్రపు ఒడ్డున కుర్రవాడి పక్కన కూర్చుని నా మాట విన్నారు. నేను ఉన్నది పద్నాలుగులో. ఆయన పదమూడుకు తిప్పారు, అక్కడా నా గరగర. పదిహేనుకు తిప్పారు, అక్కడా అంతే. తిరిగి వచ్చి మా బల్ల మీద ఒక నూలు దారం పరిచి చెప్పారు. ఈ పెట్టె ఎప్పుడూ 4 వాట్ల మూలతరంగం ఒకటి పంపుతూ ఉంటుంది. మనం మాట్లాడితే దాని శక్తి పెరగదు; మన గొంతుకు తగ్గట్టు అది ఉబ్బుతుంది, సన్నబడుతుంది. ఉబ్బడానికి కొంత చోటుంది. సన్నబడడానికి మాత్రం సున్న దాకానే ఉంది.

"సున్న కంటే సన్నబడమంటే ఏం చేస్తుంది మాస్టారూ? తెగిపోతుంది. మీరు అరిచిన ప్రతిసారీ అది తెగింది. తెగిన ముక్కల్లో మీ మాట లేదు. ఆ తెగిన అంచులే పక్క చానళ్ళలో గరగరమన్నాయి. తెగకుండా కాపలా ఉన్నవాడినే మీరు కత్తిరించి పారేశారు."

ఆయన ఆ కత్తిరించిన కాలికి చిన్న తీగముక్క అతికి మళ్ళీ కలిపారు. లేచిపోయిన రాగి బాటకు బదులు టెలిఫోన్ తీగలోని ఒక పోగు వేశారు. ఆయన చేతిలోని కడ్డీ అంటించి తీయడానికి పట్టిన కాలం ఒక రెప్పపాటు. నా చేతిలో అది నిమిషాల తరబడి ఉన్నందువల్లనే రాగి లేచింది. మరల తలలు తిప్పాలని ఉందా అని అడిగి, నేను తల ఊపేలోపే, "ఇనుప స్క్రూడ్రైవరుతో వాటి జోలికి పోకండి, లోపలి ఫెర్రైటు పగులుతుంది" అన్నారు. మా బావమరిది కాగితం అడిగి తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నారు. తిరిగి ఇవ్వలేదు.

గొంతు సన్నగా ఉండడానికి అసలు కారణం ఏరియల్. 27 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు పదకొండు మీటర్లు. రెండు రెక్కల ఏరియల్‌కు అందులో సగం, తీగలో తరుగు పోను రమారమి 5.25 మీటర్లు కావాలి. అంటే ఒక్కొక్క రెక్క ఎనిమిదిన్నర అడుగుల పైన కొంచెం. నేను పన్నెండు కట్టాను. పెట్టె పంపిన శక్తిలో కొంత తిరిగి పెట్టెలోకే వస్తోంది. ఆఖరి ట్రాన్సిస్టరు కాలిపోకుండా ఉండడం నా అదృష్టమన్నారు. రెండు వైపులా తీగలు కత్తిరించాము. ఈసారి కొలిచి.

వెళ్ళే ముందు ఆయన మైకు నా చేతిలో పెట్టి, ఎలా పట్టుకోవాలో చూపించారు. నోటికి నాలుగు వేళ్ళ దూరం. "అరవకండి. మీట నొక్కి, ఒక క్షణం ఆగి, మొదలుపెట్టండి. ఏ మాటకు ఆ మాట నిలిపి, ఉండవలసినంత సేపు ఉంచి చెప్పండి. అవతలివాడికి మీ ముఖం కనబడదని గుర్తుపెట్టుకోండి."

ఆ సాయంత్రం అలాగే చెప్పాను. మరునాడు కుర్రవాడు పుస్తకం తెచ్చాడు. దిద్దాను. ఇరవైకి పదిహేడు.

మిత్రులారా, ఆ క్షణంలో నాకు కలిగినది సంతోషం అని చెప్పుకోవాలని ఉంది. కాదు. అనుమానం. పల్లెలో ఎవరో చదువుకున్నవాళ్ళు వ్రాసిపెట్టి ఉంటారు అనుకున్నాను. రెండవ రోజు పదహారు, మూడవ రోజు పద్దెనిమిది. నాలుగవ రోజు నేను చెప్పాపెట్టకుండా సైకిలు వేసుకుని ఒడ్డుకు వెళ్ళాను. బోర్లించిన పడవ నీడలో వాడు ఒక్కడే ఉన్నాడు. పలక మీద నా ముందే వ్రాయమని, ఎదురుగా నిలబడి పది వాక్యాలు చెప్పాను. సగానికి పైగా తప్పులు. "రేడియోలో ఎవరు వ్రాసిచ్చారురా?" అన్నాను. వలలు బాగుచేసుకుంటున్న నలుగురు తలలెత్తి చూశారు. వాడి తండ్రి కూడా.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మాస్టారండీ, రేడియోలో చెప్పినట్టు ఇక్కడ చెప్పలేదండి" అన్నాడు.

ఏమి చెప్పలేదురా అన్నాను.

"రేడియోలో 'నేల' అన్నారండి. ఇక్కడ 'నెల' అంటన్నారు."

నాకు కోపం రావలసింది. రాలేదు, వాడి గొంతులో ఎదురు చెప్పడం లేదు, చూసినది చెప్పడమే ఉంది. ఇంటికి వెళ్ళి మా పక్కింటి టేపు రికార్డరే అడిగి తెచ్చుకున్నాను. తరగతిలో చెప్పే వేగంతో, చెప్పే గొంతుతో పది వాక్యాలు చదివి పట్టాను. అర్ధరాత్రి వరకు తిప్పి తిప్పి విన్నాను. నేల, నెల. మేడ, మెడ. కోన, కొన. వీడు, విడు. కూడి, కుడి. పుస్తకం మూసి వింటే, నా నోట ఏది ఏదో నాకే తెలియలేదు.

ఇది ఎలా జరిగిందో ఇప్పుడు చెప్పగలను. ఒడియా వ్రాతలో హ్రస్వ ఇ, దీర్ఘ ఈ వేరువేరుగా ఉన్నాయి. ఉచ్చారణలో ఆ తేడా లేదు. ఎ, ఏలు గాని, ఒ, ఓలు గాని అక్కడ రెండేసి లేనే లేవు. నేను ఛత్రపురంలో పుట్టినవాణ్ణి. నాలుగేళ్ళ వయసు నుండి వీధిలో ఒడియాయే ఆడుకున్నాను, బజారులో ఒడియాయే, కచేరీలో ఒడియాయే. తెలుగు పుస్తకం చదువుకున్నాను, తెలుగులో పట్టా పుచ్చుకున్నాను, దీర్ఘానికి రెండు మాత్రల కాలం అని పదకొండేళ్ళు పాఠం చెప్పాను. నోటికి మాత్రం ఆ రెండవ మాత్ర ఎప్పుడు జారిపోయిందో తెలియదు. అ–ఆ జంటలో నాకు ఈ చిక్కు లేదు, ఎందుకంటే ఒడియాలో ఆ రెండూ వినడానికే వేరు స్వరాలు. అందుకే 'వాన'ను 'వన' అని ఎన్నడూ అనలేదు. ఆ కుర్రవాడి తప్పుల్లో కూడా ఆ జంట తప్పు ఒక్కటీ లేదు! పాత పుస్తకం తిరగవేసి చూస్తే అన్నీ ఇ, ఉ, ఎ, ఒ దీర్ఘాలే.

మరి మిగిలిన పిల్లలు సరిగా ఎలా వ్రాశారు? వాళ్ళు నా మాట విని వ్రాయలేదు. పాఠం చదివి ఉన్నారు కనుక, సందర్భం చూసి పుస్తకంలోని రూపం గుర్తు తెచ్చుకుని వ్రాశారు. ఈ కుర్రవాడికి పుస్తకం అంతగా పట్టుబడలేదు. వాడికి ఉన్నది చెవి ఒక్కటే. ఇంట్లో, పడవ దగ్గర, తల్లి నోట, తాత నోట దీర్ఘం దీర్ఘంగానే విని పెరిగిన చెవి. నేను 'నెల' అంటే వాడు 'నెల' అని వ్రాశాడు. తరగతి మొత్తంలో ఉక్తలేఖనం అన్న మాటకు తగినట్టు వ్రాసినది వాడు ఒక్కడే.

ఇక రేడియోలో వాడు చేసిన ఆ రెండు మూడు తప్పులు చూస్తే, అవి అన్నీ శ, ష, సల తప్పులు. దీనికీ కారణం ఉంది. ఇటువంటి రేడియో మూడువేల హెర్ట్జ్ దాటిన ధ్వనిని సుమారుగా వదిలివేస్తుంది. శకారానికి సకారానికి ఉన్న తేడాలో ఎక్కువ భాగం ఆ పైనే ఉంటుంది. టెలిఫోనులో పేరు చెప్పినప్పుడు 'శ'నా 'స'నా అని అవతలివారు అడిగేది ఇందుకే. స్వరం ఎంతసేపు నిలిచింది అన్నది మాత్రం ఎంత నాసి రేడియో అయినా దాచలేదు, తరంగాన్ని నాలాగా తెగగొడితే తప్ప. ఆ పెట్టె తాను నిలుపుకోగలిగినదాన్ని నిలుపుకుంది. మైకు ముందు మెల్లగా మాట్లాడమన్నారు కనుక, మొహం కనబడదన్నారు కనుక, నా నోరు తాను మరచిపోయినదాన్ని తెలియకుండానే చేసింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల భాషను సవరల నోట విని నేర్చుకున్నారు, నిఘంటువు కూర్చారు. వారి పుట్టినరోజు ఆగస్టు 29న మనం ఏటా సభలు చేస్తాము. నేనూ ఉపన్యాసాలిచ్చాను. పక్కపల్లె కుర్రవాడి నోట తెలుగు వినాలని ఆ ఉపన్యాసాలలో ఎక్కడా నాకు తోచలేదు.

ఆ తల్లి ప్రశ్నకు నా సమాధానం ఇంతే. అమ్మా, నేడు ప్రతి చేతిలోనూ ఫోను ఉంది, గొంతు పట్టే సదుపాయం అందులోనే ఉంది. పైన చెప్పిన జంటలను వాక్యాలలో పెట్టి, మామూలుగా మాట్లాడే వేగంతో చదివి పట్టండి. మీది ఒకటి, బడిలో చెప్పేవారిది ఒకటి, వీలైతే మీ అత్తగారిదో అమ్మగారిదో ఒకటి. రెండు రోజులు ఆగి, పుస్తకం చూడకుండా వినండి. పిల్లవాడు ఏ గొంతుకు సరిగా వ్రాస్తున్నాడో, ఏ గొంతుకు తప్పుతున్నాడో ఒక కాగితం మీద గుర్తు పెట్టండి. ఆ తరువాత దిద్దవలసినది పిల్లవాడి పుస్తకమో, మరొకటో మీకే తెలుస్తుంది. అన్ని ఇళ్ళలోనూ ఇదే కారణం అని నేను అనడం లేదు. కొందరు పిల్లలకు చెవి పరీక్షే అవసరం కావచ్చు. ముందు ఇది చూడండి, ఖర్చు లేనిది.

బడి తెరిచిన రోజు నేను ఆ దరఖాస్తు తీసుకుని ఒడ్డుకు వెళ్ళాను. తండ్రి వల మీద నుండి లేవలేదు. కాగితం ఆయన ముందు పెట్టి, పొరపాటు నాదండీ, వీడు తెలుగులోనే ఉంటాడు అన్నాను. ఆయన కాసేపు కాగితాన్ని చూసి, తన వేలిముద్ర ఉన్న మూల చింపుకుని, మిగిలినది నాకు ఇచ్చాడు. "అప్పుడు రాదన్నారు, ఇప్పుడొచ్చిందంటన్నారు. ఆడు అప్పుడూ ఒకలాగే మాటాడాడండి మాస్టారూ" అన్నాడు. నాకు జవాబు లేదు. ఆయన కూడా ఎదురుచూడలేదు.

ఆ ఏడాది తరగతిలో ఉక్తలేఖనం చెప్పేటప్పుడు సి.బి. మైకును చేతిలో పట్టుకుని చెప్పేవాణ్ణి. దాని తీగ దేనికీ తగిలించి ఉండేది కాదు. నాలుగు వేళ్ళ దూరం, మీట నొక్కడం, ఒక క్షణం ఆగడం. పిల్లలు మొదట నవ్వారు, తరువాత అలవాటుపడ్డారు. నేను పాత నోటికి జారిపోతే ఆ కుర్రవాడు ఏమీ అనేవాడు కాదు, కలం ఆపి నా వంక చూసేవాడు. ఆ చూపు ఏమిటో నాకు అప్పటికి తెలిసింది. మళ్ళీ చెప్పేవాణ్ణి. వాడు మూడేళ్ళలో పదవ తరగతి తెలుగులోనే గట్టెక్కాడు. రేడియోలలో ఒకటి 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫానులో, ఆ సరుగుడు చెట్టుతో, ఆ పాకతో సహా పోయింది. రెండవది నా దగ్గర ఉంది. మూత తీస్తే ఆ తీగముక్క, ఆ రాగి పోగు కనబడతాయి.

వాడు బడి విడిచే ముందు నేను ఒక పని అడిగాను. ఎనిమిదవ తరగతి ఉక్తలేఖనం పుస్తకం ఉందా అని. చాలా పుటలు పొయ్యిలోకి పోయాయట. మిగిలినవి తెచ్చాడు. "కొన దిగువ నెల తడిసింది" అన్న వాక్యం, దాని మీద నా ఎర్ర సిరా, పక్కన సున్న. ఆ సున్న కొట్టివేసి, పూర్తి మార్కులు వేసి, కింద "విన్నది విన్నట్టు వ్రాశాడు" అని వ్రాసి సంతకం చేసి ఇచ్చాను.

వాడు పుటను వెలుతురుకు పట్టి చదువుకున్నాడు. చదివి, "మాస్టారండీ, తేదీ వెయ్యలేదండి" అన్నాడు.

తీసుకుని తేదీ వేసి ఇచ్చాను.